రాకుమారి నెత్తుటి ఏటిలో నాంచారి

కుంకుమపురంలో ముళ్ళచెట్టు కనిపిస్తే నరికేయాలని రాజాజ్ఞ. నవ్వకండి పిల్లలూ, రాజుగారి బాధ రాజుగారిది! ఆయన ఒక్కగానొక్క కూతురు శశాంకిని కొన్నేళ్ళుగా గోరంత కూడా ఎదగలేదు. పైగా ఒంటిమీద చిన్న గీత పడినా నెత్తురు ఒక పట్టాన ఆగేది కాదు. ఇదంతా ఎవరో మాంత్రికుడి శాపమని అందరూ అనుకునేవారు.

అంత జాగ్రత్తపడినా, ఒక ఉదయం కోట వెనక మిగిలిపోయిన రేగుకొమ్మ రాకుమారి అరచేతిని చీరేసింది. ఎన్ని కట్లు కట్టినా తడిసిపోతున్నాయి. పొద్దు గూకేలోగా నెత్తురు ఆగకపోతే ప్రాణం దక్కదని వైద్యులు తేల్చేశారు.

రాకుమారికి ప్రాణస్నేహితురాలు నాంచారి. కాలువగట్లకు గండ్లు పడితే పూడ్చేవాళ్ళ ఇంటి పిల్ల. కబురు వినగానే పార భుజాన వేసుకుని, అడవికి అడ్డంపడి పరుగెత్తి, నల్లకొండ మీది మునిని పట్టుకుంది.

"స్వామీ, గాయం నుంచి నెత్తురు ఆగక మా శశి చచ్చిపోతోంది!"

"అరవకు, నా తపస్సు చెడుతుంది," అని విసుక్కున్నాడు ముని. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి వెంటనే మెత్తబడ్డాడు. "ఈ భస్మం నోట్లో వేసుకుంటే కంటికి కనపడనంత అవుతావు. గాయంలోంచి లోపలికి దూకి గండి పూడ్పించు. కానీ గండి పూడితే ఆ దారి మూసుకుపోతుంది. బయటికి ఎలా వస్తావో నీ తిప్పలు నీవి."

"అది తర్వాత చూసుకుంటాలెండి!" అంది నాంచారి. కోటకు తిరిగొచ్చి, భస్మం మింగి, పారతో సహా చిన్నదైపోయి గాయంలోకి దూకేసింది.

లోపల ఎర్రటి ఏరు. ఏటినిండా చిట్టి అప్పడాల్లాంటి భటులు తేలుతున్నారు. పెద్దవాళ్ళు ప్లేట్‌లెట్లు అంటారే, వాళ్ళే. గండి పడితే ఒకరినొకరు పట్టుకుని అడ్డుకట్టగా నిలవాల్సినవాళ్ళు కాస్తా జోగుతున్నారు.

"గండి పడింది, లేవండ్రా!" అని నాంచారి గొంతు చించుకుంటే ఒకడు ఒంటికన్ను తెరిచాడు.

"కాలేయపు కొండ నుంచి రసం వచ్చి ఎన్నాళ్ళయిందో! ఓపికెక్కడిది?" అని మళ్ళీ కన్ను మూశాడు.

నాంచారి కాలేయపు కొండ ఎక్కింది. అక్కడ వంటక్క చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. "నన్నేం చెయ్యమంటావే తల్లీ? తలకోట నుంచి 'ఎదుగు' అని కబురొస్తేనే నా పొయ్యి రాజుకునేది. పిల్ల ఎదిగేదీ, భటులు చురుగ్గా ఉండేదీ ఆ రసంతోనే కదా!"

నాంచారి తలకోటకు ఈదుకెళ్ళింది. అక్కడ బఠాణీగింజంత గది. దాని తలుపుకు అడ్డంగా మాంత్రికుడి రాక్షసుడు. "ఎవత్తివే? నలిపేస్తా!" అంటూ వాడు అడుగు వేస్తే ఒంటినుంచి పొడి రాలింది. నాంచారి దాన్ని వేళ్ళతో నలిపి చూసింది. కాల్చని మట్టి! గట్లు వేసేవాళ్ళకు మట్టి సంగతి చెప్పాలా? వాడికి దొరక్కుండా తప్పుకుంటూ, ఏటినుంచి వాడి కాళ్ళ దగ్గరికి పారతో సన్నని కాలువ తీసింది.

"అయ్యో, నా కాళ్ళు!" అంటూనే రాక్షసుడు బురదైపోయాడు. తలుపు తెరుచుకుని కబురు బయటికి పరుగు తీసింది.

వంటక్క పొయ్యి భగ్గుమంది. రసం ఏటిలో కలిసింది. భటులు తాగారు, కళ్ళు నులుముకున్నారు, మళ్ళీ అలాగే తేలుతూ ఉండిపోయారు! నాంచారికి ఏడుపొచ్చింది. మళ్ళీ కాలేయపు కొండకు పరుగెత్తింది.

"వంటక్కా, కుండంతా ఒంపెయ్!"

"అమ్మో, ఎక్కువైతే గండిలేని చోట కూడా లేచి ఏటికే అడ్డం పడతారే!"

అప్పుడు నాంచారికి అమ్మ గుర్తొచ్చింది. వానాకాలంలో గట్టు మీది కూలీలకు అమ్మ పొద్దున్నే గంజి పోస్తుంది. గంజి తాగగానే ఎవరూ పరుగెత్తరు. కానీ తాగి ఉన్నవాళ్ళు ఒక్క కేకకే లేస్తారు.

"నా మతి మండిపోనూ!" అనుకుంటూ గాయం దగ్గరికి ఈదుకెళ్ళి, అచ్చం అమ్మలాగే కేక పెట్టింది. "గండోయ్, గండి!"

అంతే! భటులందరికీ కాళ్ళూ చేతులూ మొలిచాయి. "పట్టు, పట్టు!" అంటూ ఒకరినొకరు అల్లుకుపోయారు. గండి పూడింది, వెలుగు పోయింది. నాంచారి చీకట్లో ఉండిపోయింది.

"ముక్కు వైపు సన్నవాగు ఉంది, రా!" అని ఒక భటుడు దారి చూపించాడు. ముక్కులోకి చేరి నాంచారి పారకర్రతో గిలిగింత పెట్టింది.

"హాచ్చ్!"

రాజవైద్యుడి తలపాగాలో పడ్డ నాంచారి అక్కడే మామూలు పిల్లంత అయిపోయింది. పాపం, ఆయన మెడ చాలాకాలం పట్టేసే ఉంది.

శశాంకిని చకచకా ఎదిగి రాణి అయింది, నాంచారి మంత్రి అయింది. మొదటి ఆజ్ఞగా ఊరినిండా రేగుచెట్లు నాటించారు. తొలి కాపు కోస్తుంటే రాణి వేలికి ముల్లు గుచ్చుకుంది. ఎర్రగా ఒక్క బొట్టు ఉబికి, ఆగిపోయింది.

"కేక పెట్టావుటే?" అంది రాణి.

"నేనెందుకు? నీ భటులు గంజి తాగే ఉన్నారుగా!" అంటూ నాంచారి పండిన రేగుపండు ఆమె నోట్లో పెట్టింది.