ముప్పై మంది ముందు చెప్పిన మాట

"అయ్యో, అది నా కాంపాస్!"

లెక్కల మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. నల్లబల్ల మీద వృత్తాలు గీయడానికి అతను కంటికి రెప్పలా చూసుకునే పెద్ద చెక్క కాంపాస్ బకెట్‌లో మునిగి, జిగురులో గిరగిరా తిరుగుతోంది. దాన్ని తిప్పుతున్న అమ్మాయి తల కూడా ఎత్తలేదు.

"మీదా? జిగురు కలపడానికి భలే పనికొస్తోందండీ. కడిగి ఇచ్చేస్తాలెండి."

"కడిగితే చెక్క ఉబ్బుతుంది."

"అయితే ఎండబెట్టి ఇస్తాను."

"ఎండబెడితే పగులుతుంది."

అప్పుడు తలెత్తింది. బుగ్గ మీద జిగురు, జడలో గుచ్చుకున్న బ్రష్షు, కళ్ళ నిండా నవ్వు. "ఓహో, స్కేలు సార్ అంటే మీరేనా? పిల్లలు చెప్పారు. మీరు వరండాలో నడిచినా గీత గీసినట్టే నడుస్తారట."

అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ స్టాఫ్‌రూం చేరేలోపే ఎక్కడో జారిపోయింది. వెతుక్కున్నా దొరకలేదు.

ఆమె ఆ సోమవారమే చేరిన డ్రాయింగ్ టీచర్. అయిదు తరగతుల ఆ చిన్న బడిలో అంతవరకూ డ్రాయింగ్ పీరియడ్ అంటే పిల్లలు చేతిరాత రాసుకోవడమే. పోస్టు కూడా ఒక్క టర్మ్‌కే ఇచ్చారు. మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ ఇద్దరినీ పిలిచి ఆ సంగతే చెప్పింది.

"ఆరు వారాల్లో పిల్లల బొమ్మల ప్రదర్శన పెడుతున్నాం. బాగుందనిపిస్తే కమిటీ వాళ్ళు డ్రాయింగ్ పీరియడ్ ఉంచుతారు. లేదంటే తీసేస్తారు. బొమ్మల సంగతి నువ్వు చూసుకోమ్మా. ఏ తరగతికి ఏ రోజు, ఎన్ని పీరియడ్లు అన్న లెక్క మాస్టారు చూస్తారు. ఇద్దరూ కూర్చుని ప్లాన్ వేయండి. కొట్టుకోకుండా."

ఆ చివరి మాట ఆవిడ ఎందుకన్నదో గాని, కాంపాస్ కథ అప్పటికే బడంతా తిరిగింది.

రోజూ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఇద్దరూ స్టాఫ్‌రూం బల్లకి అటూ ఇటూ కూర్చునేవారు.

"ఒకటో తరగతికి అరచేతి ముద్రలు," అనేది ఆమె. "ఒక్కొక్కరూ ముద్ర వేసి, దాన్ని పిట్టగానో చేపగానో మార్చాలి. ఒక్క పీరియడ్ చాలు."

"చాలదు."

"ఎందుకు చాలదు? వేసేది నేనా, మీరా?"

"ముప్పై మంది పిల్లలు, రెండు కుళాయిలు. ఒక్కో చేయి కడగడానికి నిమిషం. అంటే పావుగంట కడుక్కోవడానికే పోయింది. తోసుకోవడానికి ఇంకో అయిదు నిమిషాలు."

"తోసుకోవడం కూడా లెక్కలో వేశారా!" ఆమె బుగ్గన వేలు పెట్టుకుంది. "సరే, రెండు పీరియడ్లు. రెండో తరగతికి ఎవరి చెట్టు వాళ్ళు. మూడోవాళ్ళకి కాగితం అల్లిక. నాలుగోవాళ్ళకి మట్టి మొహాలు. అయిదోవాళ్ళు బడి నుంచి ఇంటికి వెళ్ళే దారి గీస్తారు."

"ఆ దారి గీయడం బాగుంది," అన్నాడు అతను, తనకి తెలియకుండానే.

"అమ్మయ్య! స్కేలు సార్‌కి ఒకటి నచ్చింది. క్యాలెండర్‌లో రాసుకోవాలి. మాస్టారూ, ఒక్క మాట అడగనా? ఎప్పుడూ తెల్ల చొక్కా, బూడిదరంగు ప్యాంటేనా? రంగులంటే మీకేమైనా పాతకక్షలా?"

అతను నవ్వేసి ఊరుకున్నాడు. ఆ నవ్వు వెనకాల చిన్న ముల్లు గుచ్చుకున్న సంగతి ఆమెకి తెలియదు.

రెండో వారం ఆమె పెద్ద చార్టు మీద ప్లానంతా రాసి అతని చేతికిచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి ప్రాజెక్టు పక్కనా చిన్న చుక్క.

"ఎర్ర చుక్క ఉంటే ఆరడానికి ఒక రోజు కావాలని అర్థం. ఆకుపచ్చ చుక్కయితే అదే రోజు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. ఇక టైంటేబుల్ మీ ఇష్టం," అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసి క్లాసుకి పరుగెత్తింది.

అతను ఆ చార్టు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. చుక్కలన్నీ అతనికి దాదాపు ఒక్కలాగే కనిపిస్తున్నాయి.

పుట్టుకతోనే అతని కళ్ళకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. చిన్నప్పుడు క్రేయాన్లకి చుట్టిన కాగితాల మీద రాసి ఉన్న పేర్లు చదువుకుని రంగులు వేసేవాడు. ఆ కాగితాలు చిరిగిపోయిన రోజున క్రేయాన్లు పక్కన పడేశాడు. లెక్కల్లో రంగుల గోల లేదు, అందుకే వాటినే పట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిసంబంధం దాదాపు ఖాయమయ్యాక, అతని తల్లి దాచడం ఇష్టంలేక ఉన్నమాట చెప్పేసింది. "కంటిలోపం ఉందా?" అని వాళ్ళు మొహం చాటేశారు. ఆ రోజు తల్లి కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకెవరికీ చెప్పొద్దు నాన్నా" అంది. అతనూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ అమ్మాయికి చెప్పొచ్చు. కానీ ఆ నవ్వే కళ్ళు జాలిగా చూస్తే? కాస్త ముదురుగా కనిపించినవి ఎరుపు, లేతగా కనిపించినవి ఆకుపచ్చ అని ఊహించుకుని టైంటేబుల్ వేసేశాడు. లెక్కల్లో ఎవరైనా అలా ఊహించి జవాబు రాస్తే సున్నా వేసే మనిషి!

నాలుగో వారం శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో నాలుగో తరగతి పిల్లలు మట్టి మొహాలకి రంగులు వేసి, బెల్లు కొట్టగానే ఆ తడి మొహాల్నే సంచుల్లో కుక్కుకుని ఇళ్ళకి పరుగెత్తారు. సోమవారం పొద్దున గేటు దగ్గర తల్లులు బారులు తీరారు. ఒకావిడ లెక్కల నోటు తెరిచి చూపించింది. ఎక్కాల మీద ముక్కు ముద్ర పడి ఉంది.

డ్రాయింగ్ టీచర్ స్టాఫ్‌రూంలోకి విసురుగా వచ్చింది. "అది ఎర్ర చుక్క మాస్టారూ! ఆరాలని చెప్పానా లేదా? పిల్లలు రెండు వారాలు చేసిన బొమ్మలు, సగం పగిలిపోయాయి!"

"పొరపాటైంది."

"పొరపాటా? కుళాయి దగ్గర తోసుకోవడాన్ని కూడా లెక్కేసే మీకా పొరపాటు? అసలు నా చార్టు చదివారా? లేక బొమ్మల పనే కదా, ఎలా ఉంటేనేం అనుకున్నారా?"

అతను తలవంచుకుని టైంటేబుల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె చార్టు చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె అతనితో చీటీల మీదే మాట్లాడింది. "రెండో తరగతి, గురువారం, మూడో పీరియడ్." అంతే. మాటకి ముందు మాస్టారూ లేదు, వెనక అండీ లేదు.

గురువారం మూడో పీరియడ్‌కి వాన మొదలైంది. వరండాలోకి జల్లు కొడుతోంది. అతను చాక్‌పీసుల డబ్బా తడవకుండా చొక్కాలో దాచుకుని నడుస్తుంటే రెండో తరగతిలోంచి పెద్ద నవ్వు వినిపించింది. కిటికీలోంచి చూశాడు.

ముందు పళ్ళు రెండూ ఊడిన, ఒక్కచోట నిలవడని అందరూ ఉడతగాడు అని పిలిచే ఒక పిల్లాడు తన కాగితం మీద పడుకున్నంత పనిచేసి దాన్ని చేతులతో కప్పేస్తున్నాడు. పక్కవాడు ఆ కాగితం లాగి అందరికీ చూపించాడు.

"టీచర్, చూడండి! వీడి చెట్టుకి మాను ఆకుపచ్చ, ఆకులు మట్టిరంగు!"

"చెట్టు తలకిందులుగా పుట్టింది!" అని ఇంకొకడు. మళ్ళీ నవ్వు.

డ్రాయింగ్ టీచర్ పరుగున వెళ్ళి కాగితం లాక్కుంది. "నవ్వకండి! ఎవరి చెట్టు వాళ్ళిష్టం." కానీ ఉడతగాడు అప్పటికే బ్రష్షు నేలకేసి కొట్టాడు. "నేనింక ఎప్పుడూ బొమ్మలు వెయ్యను," అన్నాడు ఏడుపు మింగుతూ.

ఆ మాట లెక్కల మాస్టారి గుండెల్లో సూటిగా దిగింది. అచ్చం అదే వయసులో అతనన్న మాట.

కాళ్ళు తమంతట తామే లోపలికి నడిచాయి. అతను ఉడతగాడి పక్కనున్న బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"నాకో కాగితం ఇవ్వండి టీచర్."

ఆమె అయోమయంగా ఇచ్చింది. అతను ఒక చెట్టు గీసి, ముందున్న రంగుల గిన్నెల్లోంచి తోచినది తీసి వేశాడు. పైకెత్తి చూపించాడు.

"నా చెట్టుకి ఆకులు ఏ రంగులో ఉన్నాయి?"

"ఎర్రగా, సార్!" అన్నారు ముప్పై మందీ.

"నాకు తెలియలేదు. ఎరుపేదో ఆకుపచ్చేదో నా కళ్ళు చెప్పవు. చిన్నప్పటి నుంచీ ఇంతే. అయినా నాకు చెట్లంటే ఇష్టం, వాన ఇష్టం. మీ అయిదో ఎక్కంలో తప్పులు మాత్రం ఇట్టే కనిపిస్తాయి."

నవ్వు వచ్చింది గాని, అది ఇందాకటి నవ్వు కాదు. ఉడతగాడు కన్నీళ్ళలోంచే అతన్ని ఎగాదిగా చూశాడు.

"నిజంగానా సార్? మరి మీరు పెద్దయ్యారుగా?"

"అయ్యాను కదరా. ఏమీ కాలేదు."

ఉడతగాడు వంగి, నేల మీది బ్రష్షు తీసుకున్నాడు.

అతను లేచి తిరిగేసరికి డ్రాయింగ్ టీచర్ కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. వానని చూస్తోందనుకున్నాడు. చున్నీతో కళ్ళు ఒత్తుకుంటోంది.

సాయంత్రం స్టాఫ్‌రూంలో ఆమే ముందు మాట కలిపింది. "ఆ చుక్కలు..."

"అవును. ఊహించి వేశాను."

"చెప్పొచ్చు కదండీ! నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క మాట అని ఉంటే..."

"మీరు జాలిపడతారేమోనని భయం."

"జాలా?" ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "మట్టి మొహాలు పగలగొట్టిన మనిషి మీద నాకు జాలా? అన్నీ మీరే దగ్గరుండి అతికించాలి. ఇవాళే. ఆ జిగురు అందుకోండి."

ఆ క్షణంలో కలిగినంత హాయి అతనికి జన్మలో కలగలేదు.

మర్నాటికి కొత్త చార్టు వచ్చింది. ఆరాల్సిన వాటికి త్రికోణం, అదే రోజువాటికి చదరం. రంగుల గిన్నెలన్నిటికీ పేర్ల చీటీలు అంటించి ఉన్నాయి. ఉడతగాడు గిన్నెలు చదువుకుంటూ మూడు చెట్లు వేశాడు. నాలుగోదానికి మాత్రం కావాలనే నీలం ఆకులు పెట్టాడు.

ప్రదర్శనకి ముందురోజు హాల్లో దారాలు కట్టి బొమ్మలు తగిలిస్తున్నారు. ఆమె నిచ్చెన మీద, అతను నిచ్చెన పట్టుకుని కింద. బయట మళ్ళీ వాన.

"టీచర్ గారూ, మీ పోస్టు సంగతి కమిటీ చేతిలో ఉంది. నా చేతిలో ఉన్నదొకటి అడగనా?"

"నిచ్చెన వదలకుండా అడగండి."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

పైనుంచి ఒక క్లిప్పు జారి అతని భుజం మీద పడింది. దాని వెనకే చిన్న గొంతు వినిపించింది.

"కిందికి దిగాక చెప్తాను మాస్టారూ. ఇక్కడే సరేనంటే పడిపోయేలా ఉన్నాను."

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. హాలు సగం చూసేసరికే కమిటీ పెద్దాయన హెడ్మిస్ట్రెస్ చెవిలో, "డ్రాయింగ్ పీరియడ్ తీసేస్తే నా మనవడు నన్ను ఇంట్లో ఉండనివ్వడు. కాగితాలు పంపండి, సంతకం పెడతాను" అన్నాడు. డ్రాయింగ్ టీచర్ తండ్రి షాపులకి బోర్డులు రాసే మనిషి. ప్రతి బొమ్మ ముందూ ఆగి, కళ్ళజోడు సవరించుకుని మరీ చూస్తున్నాడు.

మాస్టారి తల్లి కొడుకు వద్దని సైగ చేస్తున్నా వినకుండా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. విషయం బయటపడిందని ఆవిడకి తెలియదు. రాత్రంతా తర్జనభర్జన పడి, ఏదైతే అదయిందని తేల్చుకుని వచ్చింది.

"అమ్మాయ్, మా వాడు నీ గురించి చెప్పాడు. కానీ వాడు చెప్పని మాట ఒకటుంది. దాచి పెళ్ళిచేస్తే రేపు నీ మొహం నేను చూడలేను. వాడికి రంగులు..."

"నాకు తెలుసు అత్తయ్యా. ముప్పై మంది పిల్లల ముందు ఆయనే చెప్పారు. ఆ రోజే నేను..."

చటుక్కున నాలుక కరుచుకుంది. పెద్దావిడ కళ్ళు విప్పార్చి చూసింది.

"ఏమన్నావ్?"

"ముప్పై మంది ముందు..."

"అది కాదు. దానికి ముందు."

ఆ అమ్మాయి తల దించుకుంది. "అత్తయ్యా అన్నాను."

పెద్దావిడ ఆ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, తడికళ్ళతోనే ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ! మీ ఇంటికి మాట్లాడ్డానికి ఎప్పుడు రమ్మంటారు?"

ఆయన బొమ్మ మీంచి చూపు తిప్పలేదు. "ఇవాళే వెళ్దాం చెల్లెమ్మా. కాస్త ఆగు, అయిదో తరగతివాళ్ళవి ఇంకా చూడలేదు."