సీటు పట్టుకున్న చెయ్యి

అస్మరా పట్నం నుంచి సముద్రం వైపు దిగే ఘాట్ రోడ్డు మీద, నెఫాసిత్ ఊరు ఇంకా కింద ఉందనగా, ఒక మలుపు ఉంది. దాని పేరు మంచిది కాదు.

పగలు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బ్రహ్మజెముడు పొదలు, వాటి పళ్ల కోసం కొట్లాడుకునే కోతులు. మలుపు దాటాక గట్టు మీద ఒక రాళ్ల కుప్ప. కానీ పొద్దు వాలి, సముద్రం మీంచి పొగమంచు పైకెక్కిందా... ఇక ఆ దారిన సైకిలు మీద ఒంటరిగా దిగే మొనగాడు లేడు.

దాన్ని హగోస్ మలుపు అంటారు. హగోస్ సైకిలు పందేల్లో పేరు మోసినవాడు. ఓ పందెం రోజున అక్కడే లోయలో పడి చచ్చిపోయాడు. అప్పట్నుంచీ ఆ మలుపును వదలకుండా తిరుగుతున్నాడని చెప్పుకుంటారు. మొదట వెనకాల, తొక్కడం ఆపిన సైకిలు చక్రం చేసే ఫ్రీవీల్ చప్పుడు వినిపిస్తుందట — టిక్ టిక్ టిక్... దగ్గరికొస్తుందట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరట. ఆ తర్వాత సీటు మీద ఒక చెయ్యి పడుతుంది. పట్టుకుని లాగుతుంది.

అందుకని ఆ దారిన దిగేవాళ్లు కొండ మీద నుంచే రెండు బ్రేకులూ బిగబట్టి బిక్కుబిక్కుమంటూ దిగుతారు. మలుపు దాటాక రాళ్ల కుప్ప మీద తమ సీసాలోంచి కాసిని నీళ్లు పోసి, హగోస్, దాహం తీర్చుకో, మా జోలికి రాకు అని దణ్ణం పెట్టుకుని పోతారు. అయినా పడేవాళ్లు పడుతూనే ఉన్నారు.

ఈ కథ వింటే ఒళ్లు మండిపోయేవాడు ఒక్కడున్నాడు. పేరు ఒక్బాయ్. హగోస్‌కి సొంత అన్న.

మండదూ మరి? పందెం మధ్యలో పోటీదారుడి టైరు పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చి, తను గట్టు మీద కూర్చుని నవ్విన మనిషి హగోస్. అలాంటివాణ్ణి పట్టుకుని, దారిన పోయేవాళ్లను లోయలోకి లాగే పిశాచాన్ని చేసి కూర్చోబెట్టారు. కాఫీ తాగుతూ పిల్లలకు కథలు చెబుతున్నారు. ఒక్బాయ్ ఒకప్పుడు ఆ రాళ్ల కుప్పను కాలితో తన్ని చెల్లాచెదురు చేశాడు కూడా. వారం తిరక్కముందే మళ్లీ పేర్చారు.

అసలు సంగతి ఒక్బాయ్‌కి తెలుసు. తమ్ముడు పడిన రోజు లోయలోకి మొదట దిగింది అతనే. హగోస్ ఆ రోజు పొగమంచులో ఒక లారీ వెనక ఇరుక్కుని, కొండంతా బ్రేకు మీదే దిగాడు. బ్రేకు రబ్బరు రాసుకుని రాసుకుని రిమ్ము పెనంలా కాలింది. పందెం సైకిలు టైరును రిమ్ముకి బంకతో అంటిస్తారు. ఆ బంక కరిగింది. సరిగ్గా మలుపులో టైరు ఊడి జారిపోయింది. ఆ రిమ్ము ముట్టుకున్న ఒక్బాయ్ అరచేతిలో కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పట్నుంచీ కనిపించిన ప్రతి కుర్రాడికీ నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నాడు. బ్రేకు బిగబట్టి దిగకండ్రా. మలుపు ముందు గట్టిగా నొక్కండి, వెంటనే వదిలెయ్యండి, చక్రానికి గాలి తగలనివ్వండి. భయపడే చోటు చూడకండి, వెళ్లాల్సిన చోటు చూడండి, చూపెటు పోతే సైకిలు అటే పోతుంది. కోపం మీదున్నప్పుడు కొండ దిగకండి. ముందు పోయేవాడు వెనక్కి తిరక్కూడదు, వెనకున్నవాడే చూసుకోవాలి. జీవితమంతా రోడ్డు మీద తొక్కి నేర్చుకున్న మాటలివి. అందరూ తలలూపేవాళ్లు. ఊపి, దెయ్యానికి భయపడి బ్రేకు బిగబట్టుకుని దిగేవాళ్లు. ఆ భయమే వాళ్లను పడేస్తోందని చెబితే ఒక్కడికీ ఎక్కేది కాదు.

ఫెస్సహయె అనేవాడు ఆ మలుపులో పడి, గూడ ఎముక విరగ్గొట్టుకుని బతికాడు. వాడు కాఫీ కొట్లో కూర్చుని ప్రమాణం చేసి చెప్పాడు — ఎవరో సీటు పట్టుకుని లాగారు, గింజుకుని విడిపించుకుని పారిపోయాను, మలుపు తిరిగానో లేదో పడ్డాను అని. ఒక్బాయ్ లేచి వాడి కాలరు పట్టుకున్నాడు. "మా తమ్ముడు ఎవణ్ణీ లాగడు. ఇంకోసారి ఆ మాటన్నావంటే రెండో గూడ కూడా నేనే విరగ్గొడతా" అన్నాడు. నలుగురూ పట్టుకుని విడదీయాల్సి వచ్చింది.

ఇంత కోపం ఉన్నా, అతనికి ఆ రోడ్డు మీద ఒక ప్రాణం ఉంది. రిశాన్. హగోస్ కూతురు. తండ్రి పోయేటప్పటికి తల్లి కడుపులో ఉంది. ఇప్పుడు అస్మరాలో ఉండి పందేలకు తయారవుతోంది. సైకిలెక్కుతానని అది పట్టుబట్టినప్పుడు తల్లి అబ్రెహెత్ మూడు పూటలు ముద్ద ముట్టలేదు. చివరికి ఒక్బాయ్ ఇంటి గడపలో నిలబడి, "బావగారూ, ఆ రోడ్డు ఒకర్ని మింగింది. దీన్ని మీ చేతుల్లో పెడుతున్నాను" అంది. అంతే. ఆ మాట అతని మెడలో రాయిలా వేలాడుతోంది.

ఆ సాయంత్రం ఇద్దరూ అస్మరా నుంచి, నెఫాసిత్‌కి ఇంకా కిందున్న తమ ఊరు గిందాకి దిగాలి. మర్నాడు పొద్దున్నే హగోస్ పేరు మీద ఏటా జరిపే ప్రార్థన, ఊరందరికీ భోజనాలు. సైకిలు క్లబ్బు పెద్దమనిషి ఒకాయన ఉపన్యాసం లాగీ లాగీ పొద్దు పోగొట్టాడు. ఆయన్ని తిట్టుకుంటూనే ఒక్బాయ్ కొండ అంచున కుళాయి దగ్గర ఆగి, తన ఎర్ర సీసా నిండా నీళ్లు పట్టుకున్నాడు. అప్పటికే కింద లోయంతా తెల్లగా ఉంది. చీకటి పడుతోంది.

రిశాన్ కూడా సీసా నింపుకుంది. నింపుకుంటూ నెమ్మదిగా, "పెదనాన్నా, ఇవాళ నాన్నకి నీళ్లు పోస్తాను" అంది.

ఒక్బాయ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీళ్లు నువ్వు తాగడానికి. రాళ్లకి పొయ్యడానికి కాదు."

"అందరూ పోస్తారు. నేనొక్కదాన్నే పొయ్యను. సొంత కూతుర్ని."

"అందరూ మీ నాన్నని పిశాచమంటారు. నువ్వూ అను, పోతుంది."

"నువ్వేం చేశావు మరి? ఇన్నేళ్లలో ఆయనకో చుక్క పోశావా?"

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది.  సైకిలెక్కి, పిల్ల మొహమైనా చూడకుండా దిగిపోయాడు. జాగ్రత్తలు చెప్పలేదు. బ్రేకు మాట ఎత్తలేదు. కోపం మీద కొండ దిగకూడదని లోకానికంతా చెప్పిన మనిషి... కోపం మీదే దిగాడు.

పొగమంచు ముంచేసింది. చక్రం ముందు రెండు బారల రోడ్డు తప్ప ఏమీ కనిపించడం లేదు. మొదట్లో వెనక రిశాన్ సైకిలు చప్పుడు వినిపించింది. కాసేపటికి పల్చబడింది. తర్వాత... లేదు. వస్తుందిలే అనుకున్నాడు. ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాడు. హగోస్ మలుపు తిరిగి, రాళ్ల కుప్ప దాటి కొంత దూరం పోయాక గాని పిల్ల వెనక లేదన్న సంగతి తలకెక్కలేదు.

ఆగాడు. చెవులు రిక్కించాడు.

పైన ఎక్కడో సన్నగా ఒక కూత. కీ...చ్ మని, తెగకుండా. రబ్బరు రిమ్మును రాస్తున్న చప్పుడు. పిల్ల బ్రేకు వదలడం లేదు. కొండ మీద నుంచీ వదిలి ఉండదు. పెదనాన్న లేడు, చీకటి, పొగమంచు, ముందు నాన్న చచ్చిపోయిన చోటు... ఎలా వదులుతుంది?

"వదిలెయ్ రిశాన్, బ్రేకు వదిలెయ్" అని అరవబోయాడు. నోరు తెరిచేలోపే...

కూత దగ్గరికొచ్చింది. మలుపు అంచు దాకా వచ్చింది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

 ఇప్పుడు పడ్డ చప్పుడు రావాలి. ఆ చప్పుడు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. కానీ రాలేదు. దాని బదులు... చుయ్‌య్‌మని కాలిన ఇనుము మీద నీళ్లు పడ్డ చప్పుడు. ఒకసారి. మళ్లీ ఒకసారి.

సైకిలు అక్కడే పడేసి పైకి పరుగెత్తాడు.

రిశాన్ మలుపుకి పైనే, రోడ్డు మధ్యలో నిలబడి ఉంది.  సైకిలు పక్కన పడి ఉంది. ముందు చక్రం నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఒక్బాయ్ మోకాళ్ల మీద కూలబడి టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. టైరు పక్కకి జరిగింది. సగం మేర బంక జారిపోయి ఉంది. ఆ చక్రం మీద మలుపు తిరిగి ఉంటే... రేపటి ప్రార్థన తండ్రీకూతుళ్లిద్దరికీ చదవాల్సి వచ్చేది.

"ఆగావు. బతికించావు" అన్నాడు. 

"నేనెక్కడ ఆగాను? నువ్వేగా ఆపావు." రిశాన్ కోపంగా చూసింది. "ఎక్కడ ఆగి కాచుకున్నావో, వెనక నుంచి వచ్చి సీటు పట్టుకుని లాగావు. ప్రాణం పోయిందనుకున్నా. విడిపించుకుని పారిపోబోయా. అంతలో నువ్వే అయ్యుంటావనిపించి కాలు కింద పెట్టా. నోరు విప్పి ఒక్క మాట చెప్పొచ్చుగా. వంగి చక్రం మీద నీళ్లు పోసి, పలక్కుండా దిగిపోయావు. ఇంకా అలిగే ఉన్నావా?"

ఒక్బాయ్ ఆమె సీసా కేసి చూశాడు. మూత దగ్గర దాకా నిండుగా ఉంది.

"ఏ నీళ్లు?" అన్నాడు.

"నీ ఎర్ర సీసావే. ఏం, గుర్తు లేదా?"

ఒక్బాయ్ కిందికి నడిచాడు. పడేసిన సైకిలు లేపాడు. ఎర్ర సీసా దాని చోటనే ఉంది. మూత బిగించే ఉంది. కుళాయి దగ్గర నింపాక అతను ఒక్క గుక్క తాగలేదు. తీసి ఊపాడు.

ఖాళీ.

 ఫెస్సహయె అబద్ధమాడలేదు. ఎవడూ ఆడలేదు. సీటు పట్టుకుని లాగిన మాట నిజమే. హగోస్ వెనక్కి లాగాడు. లోయ ముందుంది. వాళ్లు బెదిరి విడిపించుకుని లోయ కేసే పారిపోయారు. ఇన్నేళ్లూ వీడు ఇక్కడ నిలబడి ఒక్కొక్కణ్ణీ ఆపబోతుంటే, ప్రతివాడూ వీడి చెయ్యి తగిలి దడుచుకుని చచ్చాడు. అన్న మాత్రం రాళ్లు తన్ని, వీడు ఎవణ్ణీ లాగడని జనం మీద చేయి చేసుకుని తిరిగాడు.

"నోటితో చెప్పి చావొచ్చు కదరా" అన్నాడు పొగమంచులోకి. పళ్లు కొరుకుతూ అన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "సీసా కూడా అడక్కుండానే తీశావు. బతికున్నప్పుడూ అంతే నువ్వు."



తెల్లారితే బంక బిగుస్తుంది గాని, ఆ రాత్రికి ఆ చక్రం పనికిరాదు. రిశాన్ సైకిలు భుజానికెత్తుకుంది. ఒక్బాయ్ తన సైకిలు తోసుకుంటూ పక్కన నడిచాడు. నెఫాసిత్ దీపాలు ఇంకా కనిపించడం లేదు. సైకిలు నడుస్తుంటే ఫ్రీవీల్ టిక్ టిక్ మంటోంది. కాసేపటికి చేతులు నొప్పెట్టి ఒక్బాయ్ ఆగాడు. చక్రం ఆగింది.

టిక్... టిక్... వెనకాల ఇంకో సైకిలు చప్పుడు రెండు అడుగుల దూరం వచ్చి, అది కూడా ఆగింది.

రిశాన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెదనాన్నా... వెనక..."

"తెలుసు" అన్నాడు ఒక్బాయ్. మళ్లీ సైకిలు తోశాడు. "తిరక్కు. వెనకున్నవాడు చూసుకుంటాడు."