నారు మీద దిగిన లైట్లు

"ఏంది మహేసూ ఇది? నువ్వు పొయ్యిన నాలుగు దినాలకే నారంతా మాడిపోయె గదా!"

భర్త పాండియరాజన్ కేకకు మహేశ్వరిప్రియ చేతి సంచి గుమ్మంలోనే దించేసింది. విరుదునగర్ బస్సు దిగి అప్పుడే ఇంట్లో కాలు పెట్టింది. తుంటి ఎముక విరిగిన తల్లి పక్కన ఆసుపత్రిలో నాలుగు రోజులు నడుం వాల్చింది లేదు. కాళ్లు వాచిపోయాయి. గుక్కెడు నీళ్లయినా తాగకుండా నడి గదిలోకి వెళ్లింది...

అయ్యో! ట్రేలలో పచ్చగా ఉండాల్సిన మిరప నారు తెల్లగా పాలిపోయింది. లేత ఆకుల అంచులు కాగితంలా ఎండి ముడుచుకుపోయాయి. ఆమె మూరెడు ఎత్తున కట్టి వెళ్లిన లైట్లు ఇప్పుడు జానెడు కూడా పైన లేవు! పసిమొక్కల నెత్తి మీదే వేలాడుతున్నాయి.

కోవిల్పట్టి పక్కనున్న వాళ్ల నల్లరేగడి చేనికి రెండేళ్లుగా నారు అచ్చిరాలేదు. ఒక ఏడు వానకు మురిగిపోయింది, మరో ఏడు ఎండకు మాడిపోయింది. చనిపోయిన మామ కృష్ణసామి తన చేత్తో ఏరి దాచిన మిరప విత్తనం చివరికి పిడికెడే మిగిలింది. దాన్నైనా దక్కించుకోవాలని మహేశ్వరిప్రియ మహిళా సంఘంలో నేర్చుకుని వచ్చింది. ఇంటి లోపలే ట్రేలలో విత్తనం పోసి, పైన మొక్కల లైట్లు కట్టి, నెల రోజులుగా పసిబిడ్డల్ని సాకినట్టు సాకింది. ఇంట్లో దీపాల కింద పంటేమిటని నవ్విన భర్త ముందు ఈ ఒక్క పనిలో ఓడిపోకూడదనుకుంది... ఇప్పుడు ఏమని చెప్పాలి!

"నాయన విత్తనం! ఇంక ఎక్కడి నుంచి తెచ్చేది? లైటు కట్టినదానివి, సరిగ్గా కట్టి పోవద్దా?"

మహేశ్వరిప్రియ తల తిప్పింది. వంటింటి వాకిట్లో అత్త పరమేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కోడలి కళ్లలోకి చూడలేక నేల చూపులు చూస్తోంది. ఆ ఒక్క చూపుతో మహేశ్వరిప్రియకు అంతా అర్థమైపోయింది. కోపం పొంగుకొచ్చింది... కానీ దాన్ని పట్టి నిలుపుకునే ఓపిక కూడా ఆమె దగ్గర మిగల్లేదు. మామ పోయినప్పటి నుంచి సరిగ్గా కూడు తినని మనిషిని కొడుకు ముందు నిలబెట్టి ఏం సాధిస్తుంది?

"నా తప్పే..." అంది మెల్లగా. "గొలుసు సరిగ్గా తగిలించలేదేమో. జారుండాది."

"అది పొయ్యి సెప్తాది రా, అంతా అబద్ధం!" పరమేశ్వరి కొంగు వదిలేసి ముందుకొచ్చింది. "నేనే దించితిని! నారు సన్నంగా సాగి, మెడలెత్తుకొని చూస్తా ఉండె. బిడ్డలకు వెలుతురు సాలలేదేమోనని... ఆకు మీద చెయ్యి పెట్టి సూడు అత్తా, వేడి తగిలితే లైటు పైకి ఎత్తల్ల అని ఇది సెప్పి పొయ్యింది. పెట్టి చూస్తిని సామీ! దినమూ చూస్తిని! నాకు వేడే తెలవలేదే..."

మహేశ్వరిప్రియ అత్తను కూర్చోబెట్టి ఆ చేతులు పట్టుకుంది. ముప్పై ఏళ్లు పత్తి ఏరి, పొయ్యిలో కట్టెలు తోసి, కాగే గిన్నెలు గుడ్డ లేకుండానే దించి మొద్దుబారిన అరచేతులు! వేళ్ల కొసలన్నీ నల్లగా కాయలు కాశాయి. ఈ చేతులకు లైటు వేడి ఎక్కడ తెలుస్తుంది? తొమ్మిదేళ్లుగా ఈ చేతి వంట తింటూ, ఒక్కనాడైనా వీటిని ఇలా తిప్పి చూసిందా తను!

"నా చేతిని కొలతగా పెట్టుకొని మీకు సెప్పి పోతిని అత్తా... నాకు తోచకపోయెనే!" అంటూ ఆ చేతుల్లోనే ముఖం దాచుకుని ఏడ్చేసింది.

పాండియరాజన్ దగ్గరికి వచ్చాడు. తల్లి పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆ అరచేతి మీద వేలితో తడిమి చూశాడు. "ఇదే ఇంట్లో ఉంటిని గదమ్మా..." అన్నాడు. "నాలుగు దినాల్లో ఒకతూరి కూడా ఆ గదిలోకి తొంగి చూడలేదు. ఇప్పుడు దీని మీద అరస్తా ఉండా!"

తర్వాత ముగ్గురూ లేచారు. పాండియరాజన్ ముక్కాలిపీట ఎక్కి గొలుసులు పైకి లాగి, జారకుండా తీగతో రెండు చుట్లు చుట్టాడు. మహేశ్వరిప్రియ ఒక పుల్లను మూరెడుకు విరిచి, ఆకుల కొసల నుంచి లైటు దాకా నాలుగు మూలలా కొలిచింది. "చెయ్యి పెట్టేది వద్దు అత్తా. మొక్క పెరిగే కొద్దీ లైటునూ ఎత్తల్ల. ఆకుకూ లైటుకూ నడుమ ఈ పుల్ల పట్టితే చాలు," అని దాన్ని అత్త చేతికిచ్చింది.

నడిమి మొక్కలు పోయినట్టే. అంచుల్లోవి మాత్రం, లైటుకు దూరంగా ఉన్నందుకు, పచ్చగానే ఉన్నాయి.

"ఒక సాలుకు వస్తాయా?" అంది పరమేశ్వరి భయం భయంగా.

"వస్తాయి అత్తా. ఈ ఏడు కాయ అమ్మేదానికి లేదు... అంతా విత్తనానికే ఇడిసిపెడదాము. మామ విత్తనం పోదు."

పరమేశ్వరి కళ్లు తుడుచుకుంది. "సరే, నువ్వింక కూచో. రేపు ఆసుపత్రికి వాడు పొయ్యి రానీ."

"నేనే పోతా," అన్నాడు పాండియరాజన్. "మీ అమ్మకు ఏమి ఎత్తుకొని పోవల్ల? సెప్పు మహేసూ."

పెళ్లైన ఇన్నేళ్లలో అతను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి! మహేశ్వరిప్రియ గోడకు చేరగిలబడి కూర్చుంది.

"రసం కూడు... మెత్తంగా పిసికి... కారం వద్దు..."

మిగతాది చెప్పనేలేదు. అంతలోనే ఆమె కళ్లు మూతపడ్డాయి. పరమేశ్వరి చప్పుడు కాకుండా వచ్చి, ఒరిగిపోతున్న కోడలి తలను తన ఒడిలోకి తీసుకుంది.