పిడుగు దారి తప్పిన రెక్క

బళ్ళారి డిటెక్టివ్ సుబ్బరామి చేతికి వచ్చిన కేసు తేలకుండా పోయింది లేదు. ఇరవై రెండేండ్లలో ఒక్కటంటే ఒక్కటి లేదు. మనిషి గడప దాటి వచ్చి కుర్చీలో కూర్చునేలోగా, ఆ మనిషి ఏం దాస్తున్నదీ ఆయనకు తెలిసిపోయేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

మే నెల, శుక్రవారం మధ్యాహ్నం. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి కిందికి దిగడం లేదు. సుబ్బరామి మోకాళ్ళకు నొప్పి మందు రాసుకుంటున్నాడు. ఆయన దగ్గర పనిచేసే ఉష, ఆయన ఏం చేసినా అందులో మర్మం ఉంటుందని నమ్మే మనిషి కాబట్టి, మందు రాసుకోవడాన్ని కూడా శ్రద్ధగా చూస్తోంది. అప్పుడు వచ్చింది జయశీల. కప్పగల్లు మిషన్ బడిలో ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పి దిగిపోయిన టీచరమ్మ, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళు.

"మావాని మీద రేపు పోలీసు కంప్లైంటు ఇస్తారంట, సుబ్బరామన్నా."

ఆమె కొడుకు స్టీవెన్ బండ్రి పక్క కొండమీది గాలిమరల్లో టెక్నీషియన్. ఒక మరకు కొత్త రెక్క తెచ్చారు. పిడుగు పడితే దాన్ని భూమిలోకి దించే తీగ బాగుందా లేదా అని స్టీవెన్ మీటరు పెట్టి చూసి, బాగుందని కాగితం రాసి సంతకం చేశాడు. అది పోయిన శనివారం. సోమవారం క్రేనుతో రెక్కను పైకెత్తారు. బుధవారం సాయంత్రం వానకు ముందు పిడుగు పడింది, రెక్క కొస పగిలి ఊడిపోయింది. ఆ ముక్క రెండు కొండలు దాటి ఎగిరి, వాచ్‌మన్ కెంచప్ప మేకపోతు కొమ్ముల నడుమ సరిగ్గా కూర్చుందట. మేకపోతు నెమరు ఆపలేదట.

"పరీక్ష చేయకుండానే చేసినట్టు రాసినాడంటాండారు. ఆ కేసు పడితే వానికి ఇంక యాడా బెల్టు కట్టి ఎక్కనియ్యరు. వానికి వేరే పని రాదన్నా," అంటూ ఫోన్లో కొడుకు ఫొటో చూపించింది.

"ఎంత బాగుండాడమ్మా నీ కొడుకు, హీరో మాదిరి," అంది ఉష.

జయశీల రెండు చేతులూ మడిచిన వేళ్ళతో కణతల దాకా లేచాయి. అక్కడే ఆగి, జుట్టు సర్దుకుని కిందికి దిగాయి.

"నాలుగూర్ల జనం వచ్చి చూసిరి ఆ రెక్కను," అంది ఆమె నీరసంగా. "నేల మీద పండుకోబెట్టిండ్రి కదా, అందరి కండ్లూ దానిమీదనే."

సుబ్బరామి మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. రేపు పొద్దున్నే వస్తానన్నాడు.

సండూరు దారిలో ఖనిజం లారీల వెనక రెండు గంటలు దుమ్ము తిని, శనివారం పది గంటలకు సుబ్బరామీ ఉషా కొండ ఎక్కారు. చొక్కాలు ఇటుక రంగుకు తిరిగాయి. సైటు మేనేజరు గోపీకృష్ణ ఎదురొచ్చాడు. కాలువ కింద వరి పండించే కోస్తా రైతుల ఇంటి పిల్లవాడు, మాట ఇంకా ఆ పక్కదే.

"ఇందులో పరిశోధించేదేం లేదండీ. రెక్క కొసన లోహపు బిళ్ళ ఉంటుంది. పిడుగును పట్టుకునేది అదే. ఊడిపడ్డ ముక్కలో ఆ బిళ్ళ మీద మీటరు పెట్టి నేనే చూశాను. ముల్లు కదల్లేదు. అంటే తీగ మొదట్నుంచీ తెగే ఉందన్నమాట. మీటరు అబద్ధం చెప్పదు కదండీ."

"పిడుగును మట్టిలోకి దించే రాగిపట్టీ, స్తంభం కింద ఎవరైనా కోసుకుపోయినారేమో," అంది ఉష.

సుబ్బరామి వంగలేక వంగి చూశాడు. పట్టీ భూమిలోకి దిగేదాకా చెక్కుచెదరలేదు. స్తంభం తలుపుకు మాత్రం నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి.

"ఎవరు కట్టింది?"

"నేనేప్పా," అన్నాడు కెంచప్ప. "ఇంత ఎత్తుది, దిష్టి తగలదా? ప్రతి అమాసకూ కడతా."

"రెక్క కింద ఉన్నప్పుడు ఎవరెవరు వచ్చినారు?"

"పోయిన శనివారం దాకా జాత్రే. ఆదివారం గేటు వేసేస్తిమి, లోపల రోడ్డుకు తారు పోస్తాండ్రి కదా. బయటోళ్ళు ఒక్కరూ రాలే. బుక్కు చూసుకో."

ఆదివారం పేజీలో నిజంగానే ఒక్క పేరూ లేదు.

విరిగిన కొస షెడ్డులో ఉంది. బిళ్ళ అరచేతిలో సగం ఉంటుంది, నల్లగా ఉంది. బిళ్ళకు మూరెడు ఇవతల రెక్కకు పిడికిలి పట్టేంత చిల్లి, చుట్టూ కాలిన పీచు.

"పిడుగుకు మాడిపోయిందండీ బిళ్ళ," అన్నాడు గోపీకృష్ణ.

సుబ్బరామి గోటితో ఆ నలుపును గీకి వాసన చూశాడు. ఉషకు చూపించాడు. ఆమె కూడా వాసన చూసి, రోడ్డు పక్కనున్న డ్రమ్ము వైపు చూసింది.

"అందరినీ పిలవండి," అన్నాడు ఆయన. "నాకు కూర్చోను ఒక స్టూలు."

షెడ్డు నీడలో ఐదుగురు చేరారు. స్టీవెన్ మూలన నిలబడ్డాడు, మూడు రోజుల గడ్డం. పక్కనే, పొద్దున్నే బస్సులో వచ్చిన అతని తల్లి.

"పిడుగు ఈ బిళ్ళను ముట్టుకోలేదు," అని మొదలుపెట్టాడు సుబ్బరామి. "ముట్టుకునుంటే అంచులు కరిగి గుంటలు పడతాయి. చూడండి." కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. బిళ్ళ కొత్త గిన్నెలాగా తళతళలాడింది. "స్టీవెన్, మీటరు పెట్టప్పా."

ముల్లు లేచింది.

"తీగ బాగుంది. పోయిన శనివారం నువ్వు రాసింది నిజం. ఆ తర్వాత ఎవరో ఈ బిళ్ళ మీద తారు పూసినారు, మందంగా. దారి మూసేసరికి పిడుగు పక్కన రెక్కను పొడుచుకుని లోపలికి దూరింది. తారు వచ్చింది ఆదివారం, రెక్క లేచింది సోమవారం తెల్లారి. పూసింది ఆదివారమే."

గోపీకృష్ణ చటుక్కున కెంచప్ప వైపు తిరిగాడు. "దిష్టి చుక్క. నువ్వేనా పెట్టింది? నీ నిమ్మకాయలు చూసి అప్పుడే అనుకున్నాను. సోమవారం నుంచి పనిలోకి రాకు."

"దేవరాణె నాకు గొత్తిల్ల సార్," అన్నాడు కెంచప్ప, ఒట్టేసి తెలియదంటూ. "నేను కడితే నిమ్మకాయ కడతా. తారు నేనెందుకు పూస్తా?"

సుబ్బరామి ఎవరి వైపూ చూడలేదు. మోకాలు రుద్దుకున్నాడు.

"వాన్ని ఏమనొద్దండి సార్," అంది జయశీల. "పెట్టింది నేను."

స్టీవెన్ తల ఎత్తాడు.

"ఆదివారం ఆరాధన అయినాక అన్నం తెస్తి వీనికి. వీడు చెయ్యి కడగను పోయినాడు. అంత తెల్లని రెక్క, అంతమంది చూసిపోయిరి. కొసన గుండ్రంగా బిళ్ళ కనబడె. చెంప మాదిరి. బొటనవేలు డ్రమ్ములో ముంచి..." ఆమె ఆ వేలును కొంగుకు తుడుచుకుంది. "ముప్పై ఏండ్లు ఇల్లిల్లూ తిరిగి దిష్టి గుమ్మడికాయలు తీయించినా నేను. దేవుని నమ్మినోళ్ళకు దిష్టేందని."

"రెక్కకు దిష్టేందమ్మా," అన్నాడు స్టీవెన్.

"రెక్కకు కాదు నాయనా. దానికింద నువ్వు నిలబడింటివి."

"బుక్కులో ఎందుకు రాయలేదు?" అని ఉష కెంచప్పను అడిగింది.

"బయటోళ్ళనే కదా రాసేది. స్టీవెనప్ప వాళ్ళమ్మ మనోళ్ళు," అన్నాడు కెంచప్ప.

"సార్, మీకు ఆఫీసులోనే తెలుసు కదా," అంది ఉష మెరిసే కళ్ళతో. "ఆమె మెటికలు విరవబోయి ఆపుకునింది."

"చూసినా," అన్నాడు సుబ్బరామి. "తలనొప్పేమో అనుకున్నా."

మొదట్లో నేను చెప్పిన మాట ఇప్పుడు కొట్టేయండి. ఆమె ఆయన ఎదుటే అరగంట కూర్చుని మజ్జిగ తాగి పోయింది, ఆయనకు ఏమీ తెలియలేదు. తేలని కేసులకు ఆయన ఆఫీసులో విడిగా ఒక బీరువానే ఉంది. దాని తలుపు మూసుకోదు.

"లేపేముందు బిళ్ళ చూడాల్సింది ఎవరు?" అని సుబ్బరామి చివరిగా అడిగాడు.

గోపీకృష్ణ బిళ్ళను వేలితో తడిమాడు. "నేనేనండీ. క్రేను వచ్చేసింది, ఎండ... చూడలేదు." పోలీసులకు రాసిన కాగితం జేబులోంచి తీసి చింపాడు. కొత్త కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, కింద తన సంతకం పెట్టాడు. స్టీవెన్ కన్నీళ్ళు పెట్టుకోలేదు. స్టూలు ఖాళీ కాగానే దాని మీద కూర్చుని, అక్కడే నిద్రపోయాడు. తల్లి కొంగుతో ఈగలు తోలుతూ నిలబడింది. మరుసటి ఆదివారం ఆమె చర్చిలో లేచి ఈ కథంతా తానే చెప్పింది. సమాజానికి పెద్దగా ఉండనంది. వాళ్ళు వేరే మనిషి దొరక్క ఆమెనే ఉంచారు.

ఆగస్టులో మరో రెక్క వచ్చింది. గోపీకృష్ణ బిళ్ళను రెండుసార్లు తుడిచి చూశాడు. తర్వాత జయశీలకు ఫోన్ చేసి, బిళ్ళకు గజం దూరంలో అయితే పెట్టుకోవచ్చు, రమ్మన్నాడట. ఆమె రానంది. అందుకని ఆయనే పెట్టాడు.

ఈ చుక్క సంగతి నా కల్పన అనుకుంటారు. కాదు. బండ్రి దారిలో పోతూ గాలి లేనప్పుడు తలెత్తి చూడండి, కళ్ళు బాగుంటే కనబడుతుంది. నేను కల్పించింది మేకపోతునే. కెంచప్పకు మేకలు లేవు. ఆ ముక్క స్తంభం కిందనే, పత్తికట్టెల్లో పడింది. అంత పెద్ద పిడుగు పడి ఎవరికీ ఏమీ కాలేదంటే మీరు నమ్మరని, నడుమ దాన్ని నిలబెట్టాను.