మూగబొమ్మకి మాటలు

మిట్టమధ్యాహ్నమే ఈ ఎడారి దేశంలో మా పేట సబా అల్ సలేంని దుమ్ము కమ్మేసింది. కిటికీలో ఆకాశం ముందు పసుపు, తర్వాత ఇటుకరంగు. బేబి తడి తువ్వాళ్ళు సందుల్లో కుక్కింది. అయినా నాలుక మీద మట్టి రుచి. కూతురూ అల్లుడూ ఆఫీసుల్లో, మనవరాలు స్కూల్లో. ఇంట్లో నేనూ, పనిచేసే రాజోలు బేబీ.

కాలక్షేపానికి టాబ్లెట్‌లో డెల్మర్ క్రాఫ్ సినిమా పెట్టాను. పాతకాలపు అమెరికా మూకీ నటుడు. ఈమధ్య నాకు పేర్లు జారిపోతున్నాయి. ఎవరిదైనా జీవితం చదివి పైకి చెబుతుండమన్నాడు డాక్టరు. నా ఖర్మకి ఈ దద్దమ్మ దొరికాడు. సబ్బులమ్ముకునే రకం. గుర్రమెక్కడం రాదు, వాడి బదులు ఇంకెవడో ఎక్కేవాడు. ఉన్న విద్యల్లా ఎడమ కనుబొమ్మ ఎగరెయ్యడం. దాంతోనే ప్రేమ, దాంతోనే పగ, దాంతోనే చావు. మాటల సినిమా వచ్చి నోరు తెరిస్తే మేకపిల్ల! జనం నవ్వారు. చివరికి అద్దెగదిలో, పలకరించే దిక్కులేక పోయాడు. పీడా వదిలింది.

మా తాత కాకినాడ గుడారంలో మూకీల తెర పక్కన నిలబడి, బెత్తంతో చూపిస్తూ కథ చెప్పేవాడు. ఏ దొర నోట్లోనైనా మన మాటలే పెట్టేవాడు. ఇంట్లోవాళ్ళ పేర్లు మాత్రం పెట్టేవాడు కాదు. బొమ్మకిచ్చింది తిరిగిరాదనేవాడు. ముసలాడి చాదస్తం.

తెరమీద క్రాఫ్ గుమ్మంలో చేతులు చాపాడు. వాడి బదులు నేనే అన్నాను, మేకగొంతుతో, మనవరాలి పేరు పెట్టి.

"ప్రణతీ! కాళ్ళు కడుక్కుని రా, సున్నుండ పెడతాను!"

బేబి పడీపడీ నవ్వింది. "ఏంటండి బాబూ, ఆ మొహానికి సున్నుండ కూడానా! ఇంకోటి అనిపించండి అమ్మగారూ."

అనిపించాను. మా ఆయన పేరు. మా వీధి పేరు. గుర్తున్నవన్నీ వెక్కిరిస్తూ వాడి నోట్లో కుక్కాను.

గొంతెండిపోయి గ్లాసెత్తాను. నీళ్ళు మింగుతున్నాను...

మాట ఆగలేదు.

మేకగొంతు కాదు. నా గొంతు. బేబి తెరవైపే చూస్తూ ఇంకా నవ్వుతోంది. క్రాఫ్ పెదాలు కదులుతున్నాయి. మెల్లగా నావైపు తిరిగాడు... కనుబొమ్మ లేచింది.

టాబ్లెట్ ఆపేశాను. పడకగదిలో దుప్పటి కింద పడేసి తలుపు మూశాను.

"ఆపేశారేంటండీ? ఖలాసేనా?" అంది బేబి.

జవాబు చెప్పబోయాను. పెదాలు కదిలాయి... అంతే.

"చాల్లెండి, మీరూ మూకీయేనా!" నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.

గంట మోగింది. తలుపు తీశాను. జుట్టంతా దుమ్ముతో, భుజాన బ్యాగుతో పిల్ల. నా కూతురి ముక్కే, నా కూతురి కళ్ళే. పేరు... నోరు తెరిచాను. ఖాళీ.

పడకగదిలోంచి, మూసిన తలుపు అవతల నుంచి, ముద్దుగా నా గొంతు.

"ప్రణతీ! కాళ్ళు కడుక్కుని రా, సున్నుండ పెడతాను!"

"వస్తున్నా అమ్మమ్మా!" అంటూ పిల్ల నన్ను దాటుకుని అటు పరుగెత్తింది.