మూడో ముక్క

మా బావ పనిచేసే విమానాశ్రయంలో రన్‌వే చివరి భాగానికి చెడ్డపేరుంది. ఎప్పుడో ఒకసారి వానలో దిగిన విమానం ఎంతకీ ఆగక, ఆ చివర దాటి గడ్డిలోకి దూసుకుపోయింది. పైలట్ పోయాడు. అప్పట్నుంచి, వాన పడ్డ రాత్రుల్లో అక్కడ నేల లోపల్నుంచి రెండు ఎర్ర కళ్లు పైకి చూస్తుంటాయట...

బావ పని రన్‌వే మీద నీళ్లు కొలవడం. రన్‌వేని మూడు ముక్కలుగా లెక్కేసి, ఏ ముక్కలో ఎంత నీరుందో కంట్రోల్ టవర్‌కి చెప్పాలి. కానీ మూడో ముక్కకి ఎవడెళ్తాడు? రెండోది కొలిచి, "మూడోదీ అదే" అనేసి జీపు తిప్పేసేవాళ్లు. మహా శూరులు!

ఆ రాత్రి కుండపోత. నెలల బిడ్డతో మా అక్క విమానంలో వస్తోంది. ఇంకో పావుగంటలో దిగాలి.

బావ రెండో ముక్క కొలిచాడు. పైపైన తడి, అంతే. అలవాటుగా రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మూడోదీ..."

ఆగిపోయాడు. పరాయివాళ్ల పెళ్లాంబిడ్డలు దిగేటప్పుడు ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చేదో! తనవాళ్లనేసరికి నాలుక కదల్లేదు. ఈ సంగతి బావే చెప్పాడు, తల దించుకుని.

జీపు ముందుకే పోనిచ్చాడు. రన్‌వే చివరి దీపాలు కనిపించాయి. వాటి కింద, నేలలో — కళ్లు. రెండు. ఎర్రగా. జీపు కదిలితే అవీ కదులుతున్నాయి...

జీపు తిప్పేయడానికి బావ చెయ్యి గేరు మీదికి పోయింది. అయినా దిగాడు. ఒక అడుగు... ఇంకో అడుగు... కాలు చల్లగా దేంట్లోనో పడింది. కళ్లు రెండూ చెదిరి ముక్కలైపోయాయి!

నీళ్లు. రెండు వేళ్ల లోతు. చివరి దీపాల ఎరుపు అందులో పడి మెరుస్తోంది.

"టవర్! మూడో ముక్కలో నీళ్లు నిలిచిపోయాయి... దింపొద్దు, దింపొద్దు!"

కిందికి దిగుతున్న విమానం నెత్తిమీదుగా ఉరిమి, మళ్లీ పైకి లేచిపోయింది. అక్కా బిడ్డా వేరే ఊళ్లో క్షేమంగా దిగారు.

ఇదంతా విని నేను పగలబడి నవ్వాను. "అయితే ఇన్నేళ్లూ మీరంతా నీళ్లని చూసి పారిపోయారా బావా?"

బావ నవ్వలేదు.

"పోయిన పైలటే దెయ్యమయ్యాడని అంతా అంటారు గానీ..." గొంతు తగ్గించాడు. "ఆ కళ్లు మొట్టమొదట చూసింది నేనేరా. చూసి, భయపడి, 'మూడోదీ అదే' అనేసి జీపు తిప్పేశాను. అప్పటికి ఆయన ఇంకా గాల్లోనే ఉన్నాడు... రన్‌వే ఎలా ఉందని టవర్‌ని అడుగుతున్నాడు."