పన్నెండో తేదీ మార్కులు

బుధవారం ఉదయం టెమా రేవు గోడ పక్కన ఒక శవం తేలింది. చనిపోయినవాడి పేరు ఫీఫీ ఎస్సెల్, ముప్పై ఏళ్లు. విదేశీ చేపల ఓడల్లో ప్రభుత్వం తరఫున ఉండే పరిశీలకుడు. మెడ చుట్టూ తాడు గుర్తు. చొక్కా కాలరు మడతలో, ప్లాస్టిక్‌లో చుట్టి కుట్టేసిన మెమరీ కార్డు.

పదకొండు గంటలకల్లా ఆ కార్డు రాజధాని అక్రాలో నిఘా శాఖ కర్నల్ అబాంగా టేబుల్ మీదికి చేరింది. ఎదురుగా ఏజెంట్ పదిహేడు, ఎబో క్వాన్సా, నిటారుగా కూర్చున్నాడు.

ఎబో చేసే ఉద్యోగమేమిటో దేశంలో నలుగురికే తెలుసు. మంత్రివర్గంలో ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కుర్చీ వేడి చేస్తున్నారో మారువేషంలో తిరిగి చూసి అధ్యక్షుడి కోసం నూటికి మార్కులు వేయాలి. రోగిగా ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. కోకో రైతుగా ఆఫీసుల చుట్టూ చెప్పులు అరగదీశాడు. అతని కలం నలభై కిందికి దిగితే ఆ మంత్రి ఇంటికి పోవలసిందే.

"ఇది చూడు," అని కర్నల్ తెర ఇటు తిప్పాడు.

ఫొటోలో ఓడ కెప్టెన్ గది, బల్ల మీద ఒక కాగితం. 'మత్స్యశాఖ మంత్రి అరబా బెంటిల్: 31. రేవుల్లో కనిపించదు. జాలర్లకు ఈమె అంటే గిట్టదు.'

"నీ రిపోర్టే. అక్షరం కూడా మారలేదు."

"అవును సార్. ఎలాగో బయటికి పొక్కింది."

"పొక్కడం కాదయ్యా. నువ్వు నాకు రిపోర్టు ఇచ్చింది మార్చి పద్నాలుగున. ఫీఫీ ఈ ఫొటో తీసింది పన్నెండున. నువ్వు వేయకముందే నీ మార్కులు ఓడెలా ఎక్కాయి?"

"నా నోట్సు ఎవరో కొట్టేసుంటారు సార్."

అబద్ధం అతనికే ఆశ్చర్యం వేసేంత తేలిగ్గా వచ్చింది.

"అయితే ఆ దొంగని పట్టుకో. ఆ ఓడ నడిపే ముఠా పేరు నీలి వల. ఏ జెండా కావాలంటే ఆ జెండా ఎగరేసే ఓడలు. మన జాలర్ల హద్దులో దూరి పిల్లచేపతో సహా ఊడ్చేస్తున్నాయి. అరబమ్మ వాటిని అడ్డుకుంది. నీ ముప్పైయొకటితో ఇంటికెళ్లింది. శుక్రవారం పదకొండింటికి మంత్రివర్గ సమీక్ష. నీ కొత్త మార్కులు చూసి ఆవిడ డిప్యూటీ ఓటూని మంత్రిని చేస్తూ అధ్యక్షుడు సంతకం పెడతారు." కర్నల్ కళ్లు చిన్నవి చేశాడు. "ఓటూకి తొంభై రెండు వేశావు. అది మాత్రం నువ్వు చూసి వేసిందేగా?"

"చూసే వేశాను సార్."

చూడలేదు. మార్చిలో ఎబో ఒక్క రేవుకీ పోలేదు. సముద్రపు హోటల్లో మూడు రోజులు ఏసీ కింద, జీఫా అగ్బెకో పక్కన గడిపాడు. జీఫా కర్నల్ జీతమిచ్చే ఇన్‌ఫార్మరే. "తీరమంతా నేను తిరిగొచ్చాగా, మళ్లీ నువ్వెందుకు ఎండలో మాడటం?" అని టైపు చేసిన కాగితం చేతిలో పెట్టింది. అతను సంతకం గీకాడు. ఈసారి ఓటూకీ అదే హోటల్, అదే సంతకం.

గురువారం మధ్యాహ్నం జీఫాకి ఫోన్ చేశాడు.

"కెంకీ ముద్ద వేడిగా ఉందా?"

"ఉంది. మిరపకారం తెచ్చుకో." ఒంటరిగా రమ్మని అర్థం.

పసుపుపచ్చ పట్టు గౌను, నల్ల కళ్లద్దాలు. హోటల్ డాబా మీద ఆమె నడిచొస్తుంటే బేరర్లు ట్రేలు మర్చిపోయారు. ఎబో జేబులో రికార్డర్ కలం అప్పటికే నడుస్తోంది.

"ఫీఫీ ఎస్సెల్ చచ్చిపోయాడు జీఫా."

"పాపం. ఈత రాదేమో."

"మెడ మీద తాడు గుర్తుంది."

జీఫా గ్లాసులో ఐసు తిప్పింది. "ఆ కాగితం ఓడల వాళ్లు రాసిచ్చారు. నేను తెచ్చాను. నువ్వు సంతకం పెట్టావు. ఓటూ కాగితమూ అంతే. రెండింటినీ నువ్వు పూర్తిగా చదవను కూడా లేదు. నన్ను పట్టిస్తే ముందు బయటపడేది నీ సంతకమే."

"రేపు అంతా చెప్పేస్తాను."

"చెప్పలేవులే. నీకు ప్రాణం కన్నా పరువు తీపి. నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతావు. అరబమ్మని మర్చిపోలేదూ?"

ఆ సాయంత్రం కర్నల్ నంబరు మూడుసార్లు నొక్కి, మూడుసార్లూ చెరిపేశాడు.

శుక్రవారం పదింటికి ధైర్యం కూడగట్టుకుని వెళ్లేసరికి అధ్యక్ష భవనం గేటు దగ్గర తన ఫొటోనే అంటించి ఉంది. 'ప్రమాదకరమైన వ్యక్తి. కనబడితే పట్టుకోండి.' జీఫా తమ శాఖ రహస్య కోడ్ వాడి ముందే హెచ్చరిక పంపేసింది. కర్నల్ ఫోన్ ఆపేసి మీటింగులో ఉన్నాడు.

కారు డిక్కీలోంచి నీలం మెకానిక్ దుస్తులు, నెరిసిన గడ్డం, గ్యాస్ సిలిండర్ బయటికొచ్చాయి. ఎబో చేతి గడియారం పక్కనున్న బొడిపె నొక్కాడు. లోపల సమావేశ మందిరంలో ఏసీలన్నీ ఒక్కసారి మూగబోయాయి.

"ఎక్కడికి బాబాయ్?" వెనక గేటు కాపలావాడు అడ్డుకున్నాడు.

"ఏసీ చచ్చిందంట. మంత్రులు చెమటలో నానితే నాకేం బాబూ, ఊడేది నీ ఉద్యోగం."

కాపలావాడి వాకీటాకీ అప్పుడే అరిచింది: "ఏసీ వాడు ఎక్కడ చచ్చాడు?"

గేటు తెరుచుకుంది.

పదీ యాభైతొమ్మిది. పద్దెనిమిది మంది మంత్రులు ఫైళ్లతో విసురుకుంటున్నారు. అధ్యక్షుడు కలం మూత తీశాడు. పాళీ కాగితాన్ని తాకబోతోంది.

"సంతకం పెట్టకండి సార్!"

ఇద్దరు గార్డులు అతన్ని నేలకేసి అదిమారు. గడ్డం సగం ఊడి వేలాడింది. కర్నల్ దిగ్గున లేచాడు. "ఆగండి! మావాడే."

"ఎవరు నువ్వు?" అన్నాడు అధ్యక్షుడు.

"మీ మంత్రులకి మార్కులు వేసేవాణ్ణి సార్."

విసురుకుంటున్న ఫైళ్లన్నీ ఆగాయి. పద్దెనిమిది తలలూ అతని వైపు తిరిగాయి.

తల ఎత్తకుండానే ఎబో చెప్పాడు. "అరబా బెంటిల్‌కి ముప్పైయొకటి వేసింది నేనే. ఆవిడ పని నేను చూళ్లేదు. హోటల్లో కూర్చుని నీలి వల పంపిన కాగితం మీద సంతకం పెట్టాను. ఓటూకి తొంభై రెండూ అంతే. మొన్న కర్నల్ గారు అడిగితే మళ్లీ అబద్ధం చెప్పాను."

కలం తీసి నొక్కాడు. జీఫా గొంతు హాలంతా పలికింది. 'నువ్వు పూర్తిగా చదవను కూడా లేదు' అన్న ముక్క దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

అధ్యక్షుడు కలానికి మూత పెట్టాడు.

"మిగతా వాళ్లకి వేసిన మార్కులో?"

"అవి తిరిగి, చూసి వేశాను సార్."

"నేనెలా నమ్మను?"

ఎబో వేలాడుతున్న గడ్డాన్ని పీకి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రానికి జీఫా అఫ్లావ్ సరిహద్దులో, నల్లబట్టల విధవ వేషంలో దొరికింది. ఆమె ఫోన్‌లోని నంబర్లు పట్టుకుని వెళ్తే నీలి వల ఓడలు మూడు, ఫీఫీ మెడకి తాడు బిగించిన కెప్టెన్ చిక్కారు. ఓటూ కూడా వాళ్ల వెనకే కటకటాల్లోకి వెళ్లాడు. ఎబోని సస్పెండ్ చేసి విచారణ వేశారు.

మంగళవారం అతను జాలర్ల ఊరు ఎల్మినా వెళ్లాడు. ఆచారం ప్రకారం ఆ రోజు సముద్రానికి సెలవు. జాలర్లంతా ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. అరబా బెంటిల్ మట్టిపొయ్యి దగ్గర పొగలో చేపలు తిరగేస్తోంది.

"మంత్రిగారూ..."

"ఇంకా కాలేదులే. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు." కళ్లు తుడుచుకుని చూసింది. "ముప్పైయొకటి నువ్వేనా?"

"నేనేనమ్మా. క్షమించమని అడగడానికి..."

"నా సంగతి తర్వాత. అదిగో, ఆ ఆకుపచ్చ తలుపు. ఫీఫీ వాళ్లమ్మ ఉంటుంది. ముందక్కడికి పో."

తలుపు తీసిన ఫీఫీ తల్లి బెంచీ చూపించింది. గ్లాసుతో నీళ్లిచ్చింది. అతను తాగాకే అడిగింది: "ఏం పని మీద వచ్చావు నాయనా?"

ఎబో చెప్పాడు. హోటల్ సంగతి కూడా దాచలేదు.

"నా కొడుకు ఆ ఓడ మీద నాలుగు నెలలున్నాడు. చేతులు పుండ్లు పడ్డా దిగిపోతాననలేదు. నువ్వు మూడు రోజులు ఒడ్డున నిలబడలేకపోయావా?"

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది, మళ్లీ బయటికి రాలేదు.

తిరిగొచ్చేసరికి అరబా చేపల తట్ట సర్దుతోంది.

"విచారణకి రాసివ్వాలంటగా? రేపు తెల్లారకట్ల మావాళ్ల పడవ బయల్దేరుతుంది, ఎక్కు. ఈసారి చూసి రాయి."

ఎక్కాడు. తీరం కనుమరుగయ్యేసరికి ఏజెంట్ పదిహేడు పడవ అంచు పట్టుకుని, రాత్రి తిన్నదంతా సముద్రంలోకి కక్కేశాడు. చుక్కాని పట్టిన ముసలాయన ఒక చేత్తో అతని వీపు నిమురుతూ వెనక్కి తిరిగి కేకేశాడు:

"చూడండ్రా! ఇన్నేళ్లకి చేపలకి ప్రభుత్వం వారి నుంచి ఏదో ఒకటి ముట్టింది!"